రెండో చెవి

"రెండింటికి రాడ్లు కదుల్తాయి మేడం. ఈలోపు మీ పని కానిచ్చుకోండి. కాలేదంటే రేపు రండి," అన్నాడు తాళాలాయన.

"రేపటికి మీరు మెట్లు కడిగించేస్తారు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

తాళాలాయన ఆ అణు విద్యుత్ కేంద్రానికి భద్రతాధికారి. నడుముకు గుత్తెడు తాళాలు వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. పోలీసులను పిలిచింది అతను కాదు, ఆస్పత్రివాళ్లు. ఆ కోపం అతని ముక్కు మీదే ఉంది.

గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. లోపలి మంటను అణచి ఉంచే రాడ్లను పైకి లేపి, ఏడేళ్లుగా కట్టిన రియాక్టరును మొట్టమొదటిసారి రాజేసే రోజది. అలాంటి రోజున, పొద్దున పదీ ఇరవైకి, కేబుల్ గది మెట్ల కింద లెక్కల పెద్దాయన తల పగిలి పడి ఉన్నాడు. రియాక్టరు రాజుకుంటోందో లేదో అంకెలు చూసి చెప్పవలసిన మనిషి ఆయనే. ఇప్పుడు ఆస్పత్రిలో ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. ఆయన బదులు ఇంకొకర్ని కూర్చోబెట్టి పని ఆగకుండా చూసుకుంటున్నారు. ఇక్కడ మనిషి కంటే ముహూర్తం పెద్దదిలా ఉందని ఇన్‌స్పెక్టరమ్మ లోపల్లోపల తిట్టుకుంది.

మెట్లు పదహారు. కింద గోడ నుంచి గోడ దాకా అడ్డంగా మోకాలెత్తు ఇనుప బెంచీ. ఇవతల అందరూ తిరిగే నేల. అవతల కేబుల్ గది తలుపు. ఆ గదిలో రియాక్టరు నుంచి వచ్చే సన్నతీగలన్నీ చేరతాయి, వాటి మీద దుమ్ము పడకూడదు. అందుకని అక్కడో పద్ధతి. బెంచీ మీద కూర్చుని ఒక బూటుకు గుడ్డ కవరు తొడిగి, ఆ కాలు అవతల పెట్టాలి. తర్వాత రెండో కాలు. తిరిగి వచ్చేటప్పుడు ఒక కవరు విప్పి, ఆ కాలు ఇవతల పెట్టాలి. తర్వాత రెండోది. విప్పిన కవరును లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి, చుట్ట చుట్టి డబ్బాలో పడేయాలి. కవరు తొడిగిన కాలితో ఇవతల నేల తొక్కితే ఇక్కడివాళ్లకు తల తీసేసినంత పని.

"దిగుతూ జారాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇందులో డిటెక్టివ్ పనేముంది?" అన్నాడు తాళాలాయన.

"ఆస్పత్రిలో ఆయన బూట్లు చూసే వచ్చాను. ఎడమకాలికి కవరు ఉంది, కుడికాలికి లేదు. ఉన్న కవరు అడుగు నడిచి నలిగి ఉంది. అంటే లోపల తిరిగొచ్చాడు. దిగుతూ పడలేదు, బయటికొస్తూ పడ్డాడు."

"సరే, వస్తూ పడ్డాడు. పడ్డం పడ్డమేగా."

అలా అంటూనే తాళాలాయన చూసి వద్దామన్నట్టు బూట్లతోనే బెంచీ దాటబోయాడు. మెట్ల మీద నుంచి ఎవరో గబగబా దిగివచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

"సార్, కవర్లు. ఏమనుకోకండి."

మీటర్ల ఇంజినీరు. నలభై దాటని మనిషి, నున్నగా దువ్విన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. తీగలూ మీటర్లూ అతని బాధ్యత. చెయ్యి పట్టుకున్నది ఎవరినో గుర్తొచ్చి నొచ్చుకున్నాడు, కానీ చెయ్యి వదల్లేదు. తాళాలాయన సణుగుతూ కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మతో వచ్చిన హెడ్ కానిస్టేబులు అప్పటికే బెంచీ మీద కూలబడి కవర్లతో కుస్తీ పడుతున్నాడు. ఆయనకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో, మోకాళ్ల నొప్పులు ఎనిమిదేళ్ల నుంచి. పాదాలేమో పడవలంత. కుడి కవరు ఎలాస్టిక్ టప్పుమని తెగింది.

"ఇది చంటిపిల్లల సైజు మేడం," అన్నాడు హెడ్డు.

"మీకు సరిపడాలంటే దిండు గలీబులు తెప్పించాలి. దేంతోనైనా కట్టండి."

ఆయన కేసు కాగితాల కట్ట నుంచి ఎర్ర రబ్బరుబ్యాండు తీసి చీలమండకు బిగించాడు. "ఇంకేం, పెళ్లికొడుకులా ఉన్నాను," అని లేచాడు.

"ముందు ఆ డబ్బా చూడండి."

హెడ్డు డబ్బాను కాగితం మీద బోర్లించాడు. అన్నీ చక్కగా చుట్టిన చుట్టలే. "అయిదు మేడం."

"డబ్బా ఎప్పుడు ఖాళీ చేస్తారు?"

"రోజూ ఎనిమిదింటికి. ఇవాళా చేశారు," అన్నాడు ఇంజినీరు.

బెంచీ పక్కన గోడకు రిజిస్టరు వేలాడుతోంది. ఎనిమిది తర్వాత ఒక్క సంతకమే ఉంది. మీటర్ల ఇంజినీరుది. లోపలికి తొమ్మిదీ అయిదు, బయటికి తొమ్మిదీ ఇరవై.

"పెద్దాయన సంతకం లేదే?"

"ఆయన బయటికొచ్చేటప్పుడు పెడతారండి. లోపలికెళ్లేటప్పుడు పెట్టరు. చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పెట్టాయి," అన్నాడు ఇంజినీరు. "నాకు పని నేర్పిందే ఆయన. పన్నెండేళ్లు ఆయన చేతికిందే ఉన్నాను."

"మీరు పొద్దుటి నుంచి ఎక్కడెక్కడున్నారో చెప్పండి."

"తొమ్మిదీ అయిదుకి ఇక్కడికొచ్చాను. తొమ్మిదీ ఇరవైకి బయటికొచ్చాను. తొమ్మిదీ ఇరవైమూడుకి నా గదిలో ఉన్నాను. తొమ్మిదీ యాభై రెండుకి పెద్దాయన ఫోను చేశారు, సాయంత్రం అంకెల గురించి. తొమ్మిదీ యాభై ఆరుకి పెట్టేశారు. పదీ ఇరవై రెండుకి, పడిపోయారని తెలిసి పరిగెత్తుకొచ్చాను."

ఇరవై ఏళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టరమ్మకు ఇంత నికార్సుగా టైము చెప్పిన సాక్షి తగల్లేదు. మామూలు మనిషి 'తొమ్మిదిన్నరో, పదో, చూసుకోలేదండీ' అంటాడు. చెవిలో జోరీగ దూరినట్టయింది ఆమెకు. కానీ వెంటనే తనకు తానే సర్దిచెప్పుకుంది. వీళ్లు తుమ్మినా నిమిషంతో సహా రాసుకునే మనుషులు, వృత్తే అలాంటిది అనుకుంది. తర్వాత ఆ రోజంతా ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది ఈ ఒక్క మాటకే.

ఇంజినీరు పక్కకు వెళ్లాక తాళాలాయనతో అంది. "లెక్కేయండి. ఇంజినీరు ఒకసారి వెళ్లొచ్చాడు, రెండు కవర్లు. పెద్దాయన కుడికాలిది ఒకటి. మూడు. డబ్బాలో అయిదున్నాయి. సంతకం పెట్టకుండా ఇంకెవరో లోపలికెళ్లొచ్చారు."

తాళాల చప్పుడు ఆగింది. అతను నెమ్మదిగా అన్నాడు. "అయితే నేను చెప్తా ఎవరో. అల్లుడు."

పెద్దాయన అల్లుడు ఇదే కేంద్రంలో కంట్రోల్ రూము ఆపరేటరు. రాడ్లు కదిపే కుర్చీ అతనిదే. పొద్దున తొమ్మిదీ నలభై అయిదు ప్రాంతంలో మామా అల్లుళ్లు అందరి ముందూ అరుచుకున్నారు.

"ఈ ముక్క ఇందాకే ఎందుకు చెప్పలేదు?"

"ఇంటి గొడవని బయటపెట్టడం ఎందుకని. ఇప్పుడు మీరే దారి చూపించారుగా," అని తాళాలాయన మెట్లెక్కాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అయిదు కవర్లనూ సంచీలో వేసి సీలు వేసింది. "హెడ్డుగారూ, మీరు ఇక్కడే ఉండండి. ఎవర్నీ లోపలికి రానివ్వకండి. ఈ ఇంజినీరుగారు మీకు గదంతా చూపిస్తారు. ఏది కొత్తగా కనబడినా నాకు చెప్పండి," అంది.

"తప్పకుండానండీ," అన్నాడు ఇంజినీరు వినయంగా. హెడ్డు రబ్బరుబ్యాండు సర్దుకుని, మూలుగుతూ కాలెత్తి బెంచీ దాటాడు.

*

పైన, కంట్రోల్ రూము పక్క గదిలో, అల్లుడు మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతన్ని కుర్చీలోంచి లేపేసి ఇంకో ఆపరేటరును కూర్చోబెట్టారు. ఒంటిగంటా పది.

"గొడవ దేనికి?"

"ఇవాళ ఆ కుర్చీలో కూర్చోకు అన్నారు మామగారు. ఎందుకని అడిగితే, ముందు నా కళ్లతో చూసుకోనీ, ఆ తర్వాత చెప్తా అన్నారు. ఏడేళ్లు ఈ కుర్చీ కోసమే చదివాను మేడం. నేను పనికిరానని అందరి ముందూ ఆయనే అంటే తట్టుకోలేకపోయాను. అరిచాను. అరవకూడదు, అరిచాను."

"తర్వాత?"

"టీకని బయటికెళ్లాను. పదైందేమో. దాటిందేమో. గుర్తులేదు."

"ఎవరైనా చూశారా?"

"లేదు. వెనక మెట్ల మీద ఒక్కణ్నే కూర్చున్నాను. టీ కూడా తాగలేదు."

"చూశారా? కథ ఎంత నీట్‌గా ఉందో," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ తాళాలాయన.

నీట్‌గా లేదు, అదే నాకు నచ్చింది అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. అంతలో ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి పెద్దాయన కూతురు.

"నాన్నకి ఇంకా తెలివి రాలేదండీ. మా ఆయన్ని పట్టుకెళ్తారని ఎవరో చెప్పారు. నిజమా?"

"ఇంకా ఎవర్నీ ఎక్కడికీ పట్టుకెళ్లలేదమ్మా. ఒక్క సంగతి చెప్పు. మీ నాన్న వంగి బూటు విప్పుకోగలరా?"

"వంగడమా? నడుం పట్టేసి రెండేళ్లయిందండీ. ఆ గుడ్డ కవర్లు తొడగాల్సొస్తే ఎవరో ఒకర్ని పిలుచుకుంటారు. తీసేటప్పుడు ఈ కాలి మడమతో ఆ కాలిది తన్నేసి వచ్చేస్తారు, అందరూ విసుక్కుంటారు. ఇంట్లో అయితే లేసులు మా ఆయనే కడతారు. కన్నకొడుకు కూడా అంత చెయ్యడండీ." ఆమె ఏడుపు ఆపుకుంది. "ఒక పక్క నాన్న ఇలా ఉన్నారు. ఆయన్నీ తీసుకెళ్లిపోతే నేను ఎవర్ని చూసుకోవాలి మేడం? నాన్న కళ్లు తెరిచి అల్లుడెక్కడని అడిగితే ఏం చెప్పాలి?"

"ధైర్యంగా ఉండమ్మా," అని ఇన్‌స్పెక్టరమ్మ ఫోను పెట్టేసి కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్లీ నడిచింది. కాలుగాలిన పిల్లి అంటారే, అలా అయిపోయింది. డబ్బాలో అయిదు కవర్లూ ఒకే తీరున చుట్టి ఉన్నాయి. వంగలేని ముసలాయన, మడమతో తన్నేసే ముసలాయన, తన కవరును తిరగేసి చుట్ట చుట్టి డబ్బాలో వేశాడా? ఆ పని చేసింది ఇంకో చెయ్యి. తల పగిలిన మనిషిని మెట్ల కింద జారిపడ్డట్టు పడుకోబెట్టాలని బెంచీ మీద నుంచి ఇవతలికి లాగుతూ, ఆ కాలు నేలను తాకబోయే క్షణంలో, కవరు విప్పేసిన చెయ్యి. ప్రాణం పోతోందో ఉందో చూడలేదు, పద్ధతి మాత్రం తప్పలేదు. రెండో కాలి దాకా వచ్చేసరికి పైన ఎవరి అడుగులో వినబడి ఉంటాయి, దాన్ని అలాగే వదిలేసి పోయాడు.

ఇదంతా పైకే చెప్పింది. చెప్పడం ఆమె చేసిన రెండో తప్పు.

"లేసులు కట్టే అల్లుడే కవరూ విప్పాడు. ఇంకేం కావాలి మేడం?" తాళాలాయన జేబులోంచి బేడీలు తీశాడు. "కేంద్రం లోపల అదుపులోకి తీసుకునే అధికారం నాకుంది. రెండింటికి రియాక్టరు స్టార్టప్, మూడింటికి వీణ్ణి మీకు అప్పగిస్తాను. పేపర్లో మీ పేరే వేయించుకోండి."

"ఇక్కడ కవర్లు వాడే వందమందికీ అదే అలవాటు కదా?"

"వందమందీ మామతో గొడవ పడలేదుగా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడితో వాదించి లాభం లేదు. టక్కుమని బేడీలు పడ్డాయి. అల్లుడు అంచు మాసిన చొక్కాచేతులను బేడీల మీదకు లాక్కుని కప్పుకునే ప్రయత్నం చేశాడు.

తాళాలాయన కాగితాలు రాయడానికి పక్కకు వెళ్లాడు. అల్లుడు అక్కడ ఏం జరిగినా చూడనట్టు కూర్చున్నాడు, ఇన్‌స్పెక్టరమ్మ ఎన్ని ప్రశ్నలడిగినా తల అడ్డంగా ఊపాడంతే. ఆమె అక్కడి నుంచి పైకీ కిందికీ తిరిగి, కనబడిన ప్రతి మనిషినీ అడిగి, ఏమీ తేలక మళ్లీ ఆ గదికే వచ్చేసరికి ఒంటిగంటా యాభై అయిదు. నెత్తిమీద స్పీకరులో ప్రకటన వినబడింది. "రాడ్లు కదిలించే సమయం, ఇంకా అయిదు నిమిషాలు."

"ఈ మాట కేంద్రమంతా వినిపిస్తుందా?"

"ప్రతి గదిలోనూ," అన్నాడు అల్లుడు. "రాడ్లు పైకి లేపిన ప్రతిసారీ ఎన్ని మెట్లు లేపారో చెప్తారు."

ఇన్‌స్పెక్టరమ్మ చివరి ఆశగా పెద్దాయన జేబులో దొరికిన చిన్న డైరీని అతని ముందు పెట్టింది. ఆస్పత్రివాళ్లు ఇచ్చినప్పటి నుంచీ అది ఆమె బుర్ర తినేస్తోంది. తారీకు కింద పెన్సిలుతో రెండు వరుసల చుక్కలు, ఒక్క అక్షరం లేదు. పై వరుస నేల మీద ఒలికిన ఆవాల్లా ఉంది, ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. కింది వరుస సమంగా, ఒక్క చుక్క కూడా ఎడం తప్పకుండా సాగింది.

"ఇదేమిటి?"

అల్లుడు దాన్ని చూసి, అంత బాధలోనూ కొంచెం నవ్వాడు. "మామగారి పాతకాలపు అలవాటు. రియాక్టరుకి రెండు కౌంటర్లు ఉంటాయి మేడం, ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. లోపల న్యూట్రాన్ తగిలినప్పుడల్లా టిక్‌మంటాయి. రాడ్లు లేపేకొద్దీ టిక్కులు పెరుగుతాయి. ఆయన వాటిని చెవులంటారు. మొదటి చెవి, రెండో చెవి. మేమంతా నిమిషం మొత్తానికి ఎన్నో చూసి సగటు రాసుకుంటాం. ఆయన మాత్రం స్పీకరు పెట్టుకుని, ఒక్కో టిక్‌కీ ఒక్కో చుక్క పెడతారు."

"ఏ వరుస ఏ చెవిది?"

"పైది మొదటిది. కిందది రెండోది." చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. డైరీని బేడీల చేతులతోనే దగ్గరికి లాక్కున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ తల్లి ఇరవై ఏళ్లు కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. చేతికుట్టుకూ మిషను కుట్టుకూ తేడా ఆ ఇంట్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. చెయ్యి ఎంత ఆరితేరినదైనా ఒక పోగు అటూ ఇటూ పడుతుంది. కింది వరుసలో ఒక్క పోగు కూడా అటూ ఇటూ పడలేదు.

"ఇది మిషను కుట్టు," అందామె.

"న్యూట్రాన్లు ఇలా రావు మేడం," అన్నాడు అల్లుడు. "వానచినుకుల్లా వస్తాయి. వాటికి నిలకడ ఉండదు. ఇది కౌంటరు చప్పుడు కాదు. తీగకి ఎవరో పల్స్ పెట్టె తగిలించారు. మీటర్లు పరీక్షించుకునే పెట్టె అది, మీట తిప్పితే ఎన్ని టిక్కులు కావాలంటే అన్ని కొడుతుంది."

"మీరెవరూ వినలేదా?"

"రెండో చెవి స్పీకరు తగ్గించేసి వారమైంది. రెండూ కలిసి మోగితే తలనొప్పిగా ఉందని."

"తగ్గించమన్నది ఎవరు?"

"మీటర్లాయన."

ఇంజినీరు చెప్పిన టైములు ఆమెకు గుర్తొచ్చాయి. తొమ్మిదీ యాభై రెండు. తొమ్మిదీ యాభై ఆరు. మనుషుల జ్ఞాపకాలు కూడా వానచినుకుల్లానే వస్తాయి, అటూ ఇటూగా. అతనివి మాత్రం మిషను కుట్టులా వచ్చాయి.

"ఎందుకు చేస్తాడిలా?"

"కౌంటరు చెడితే మార్చాలి. మార్చాలంటే రియాక్టరు మూత విప్పాలి. ఆరు వారాలు. బాగుందని సంతకం పెట్టింది ఆయనే. ఒక చెవి పనిచేస్తోంది కదా, ఏమవుతుందిలే అనుకొని ఉంటారు. కానీ మేడం, ఏదైనా తేడా వస్తే రాడ్లు వాటంతటవే కిందపడాలంటే రెండు చెవులూ ఒకేసారి ప్రమాదం అని చెప్పాలి. ఒకటి అబద్ధం చెప్తుంటే ఆ ఏర్పాటు పనిచెయ్యదు. మంట అదుపు తప్పినా ఆపేదెవరూ ఉండరు. అందుకే మామగారు నన్నా కుర్చీలో కూర్చోవద్దన్నారు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "శిష్యుడి పరువు తీసే ముందు తన కళ్లతో చూసుకోవాలనుకున్నారు. ఫోను చేసి అతన్నే కిందికి పిలిచి ఉంటారు."

స్పీకరు పలికింది. "రాడ్లు ముప్పై మెట్లు పైకి."

రెండు గంటలా రెండు నిమిషాలు. ఇన్‌స్పెక్టరమ్మ అల్లుడి మోచెయ్యి పట్టుకుని కంట్రోల్ రూములోకి నడిచింది.

*

గదిలో పదిమంది. మధ్యలో, రియాక్టరును రాజేసే పనికి పెద్ద అయిన స్టార్టప్ చీఫ్ నిలబడి ఉన్నాడు, చేతిలో మైకు. నెరిసిన గడ్డం, ముప్పై ఏళ్ల సర్వీసు. మొదటి చెవి స్పీకరు ఒక్కటే మోగుతోంది, చిటపటా చిటపటా, పొయ్యిలో పచ్చిపుల్లలు పెట్టినట్టు.

"రెండో స్పీకరు పెట్టండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"బేడీలు వేసిన మనిషిని ఇక్కడికి తెస్తారా?" తాళాలాయన అడ్డం వచ్చాడు. "చీఫ్‌గారూ, ఈవిడకి ఈ గదిలో ఏ అధికారమూ లేదు. ఏడేళ్ల పని చెడగొట్టడానికి వచ్చింది."

"ఒక్క నిమిషం వినండి. తప్పయితే నేనే దండం పెట్టి వెళ్లిపోతాను. ఈయన్నీ మీరే ఉంచుకోండి."

చీఫ్ ఆమెను చూశాడు, అల్లుడి చేతుల్లోని డైరీని చూశాడు. ఆపరేటరుకు సైగ చేశాడు. ఆపరేటరు బొత్తాం తిప్పాడు.

టిక్. టిక్. టిక్. టిక్.

గోడ గడియారంలా. గదిలో తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఇన్నాళ్లూ అంకెలే చూసినవాళ్లు మొదటిసారి విన్నారు.

"మీటరులో ఏదో చిన్న లోపం," అన్నాడు తాళాలాయన. కానీ గొంతులో మునుపటి బింకం లేదు.

"లోపం అయితే మనం చెప్పే మాట దానికి వినబడదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "చీఫ్‌గారూ, రాడ్లు ముట్టుకోకండి. మైకులో మాత్రం ఇంకో ముప్పై మెట్లు లేపామని చెప్పండి."

చీఫ్ మొహం మాడిపోయింది. "ఈ మైకులో నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా."

"ఇవాళ ఒక్కసారి చెప్పండి. ఒకాయన ప్రాణం కోసం, ఈయన బతుకు కోసం."

చీఫ్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "రాడ్లు ముప్పై మెట్లు పైకి," అన్నాడు, మామూలు గొంతుతోనే.

మొదటి చెవి తన ధోరణిలో చిటపటలాడుతూనే ఉంది, ఏ మార్పూ లేదు. రెండోది టిక్ టిక్‌మంటూ నడిచింది. పది టిక్కులు. పదిహేను.

పదహారోదాని తర్వాత వేగం పెరిగింది. టిక్‌టిక్‌టిక్‌టిక్. వేగంగా, అంతే సమంగా.

చీఫ్ ఎర్ర బొత్తాం మీద అరచేత్తో కొట్టాడు. ఎక్కడో గోడల అవతల రాడ్లన్నీ ఒక్కసారి కిందపడ్డ అదురు కాళ్లకు తెలిసింది. "ఆపేశాం," అన్నాడు మైకు మూసి. తర్వాత, ఎవరితోనూ కాకుండా, "ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దాయన చెప్తూనే ఉండేవారు," అని కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ క్షణంలో ఆ మీట తిప్పిన చెయ్యి ఒకటుంది," ఇన్‌స్పెక్టరమ్మ తాళాలాయన వైపు తిరిగింది. "ఈయన రెండు చేతులూ మీ బేడీల్లోనే ఉన్నాయి. విప్పండి."

తాళాలాయన గుత్తి తీశాడు. అన్ని తాళాల్లో ఆ చిన్న తాళంచెవి దొరకడానికి చాలాసేపు పట్టింది. "పొరపాటైంది బాబూ," అన్నాడు నేల చూస్తూ. అల్లుడు మణికట్లు రుద్దుకున్నాడు. ఫోను దగ్గరికి పోయి ఆస్పత్రి నంబరు కొట్టాడు. "నేనేనే, విడిచిపెట్టేశారు. మామగారెలా ఉన్నారు?" అని అడిగాడు.

ఇన్‌స్పెక్టరమ్మ మాత్రం అది వినడం లేదు. పల్స్ పెట్టె ఎక్కడుంటుంది? తీగలన్నీ చేరే చోట. కేబుల్ గదిలో. ఆ గదిలో ఇప్పుడు ఎవరున్నారు?

ఆమె రెండో ఫోను అందుకుని కేబుల్ గదికి చేసింది. చాలాసార్లు మోగాక ఎత్తారు. ఎత్తినవాడు కొంచెం రొప్పుతున్నాడు.

"హలో," మీటర్ల ఇంజినీరు.

"మా హెడ్డుగార్ని పిలవండి."

"ఆయన లేరండీ." అదే వినయం. "రెండూ మూడుకి పైకి వెళ్లిపోయారు."

గోడ గడియారం రెండూ తొమ్మిది. పదహారు మెట్లు. హెడ్డు మోకాళ్లకైనా రెండు నిమిషాల పని. పైకి ఎవరూ రాలేదు.

"సరేలెండి, వస్తారు," అంది ఆమె, గొంతు తొణక్కుండా. పెట్టేసింది. ఆ తర్వాత పరుగెత్తింది. వెనక తాళాల గుత్తి గలగలలాడుతూ వస్తోంది, ఈసారి ఆమె వెంటే.

పదహారు మెట్లూ ఎలా దిగిందో తెలియదు. బెంచీ దగ్గర ఎవరూ లేరు. అవతల కేబుల్ గది తలుపు మూసి ఉంది. తాళాలాయన బూట్లతోనే బెంచీ దూకి తలుపు తోశాడు. కదల్లేదు. లోపలి నుంచి గడియ వేసుంది.

"హెడ్డుగారూ," ఇన్‌స్పెక్టరమ్మ పిలిచింది. జవాబు లేదు. తలుపు వెనక గుడ్డ కవర్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు. దాని వెంట, బరువైనదేదో మళ్లీ లోపలికి ఈడుస్తున్న చప్పుడు. తన ఫోను మోగినప్పుడు ఏ పని సగంలో ఆగిందో ఆమెకు అర్థమైంది. ఆయన్ని ఆ చేతికి అప్పగించింది తనే. గదంతా చూపించమని మరీ చెప్పి అప్పగించింది.

ఆమె చూపు బెంచీ పక్కనున్న డబ్బా మీద పడింది. ఒంటిగంట కాకముందు తన కళ్లముందే హెడ్డు బోర్లించి ఖాళీ చేసిన డబ్బా.

అడుగున కవరు ఒకటి ఉంది. లోపలివైపు పైకి వచ్చేలా తిరగేసి, నీట్‌గా చుట్ట చుట్టి ఉంది. ఆ చుట్ట విడిపోకుండా దాని చుట్టూ ఎర్ర రబ్బరుబ్యాండు బిగించి ఉంది.

ఒక్కటే ఉంది.